గర్భిణియు మనోవ్యాధి మందును

గర్భవతియైన స్త్రీకి హితము చెప్పనివారు మన దేశమునందు లేరు. బొప్పాయి తినవలదని యొకరు, గ్రహణమునాడు వాకిట నిలువవలదని యొకరు, పాలలో కుంకుమపువ్వు కలిపి త్రాగుమని యొకరు, బరువెత్తవలదని మఱియొకరు చెప్పుచునే యుందురు. వీనిలో కొన్ని మంచిమాటలు, కొన్ని వట్టి భయములు. ఈ హితవుల నన్నిటిని ప్రోగుచేసి చూచినచో నొక లోపము మాత్రము స్పష్టముగా కనబడును. ఆమె యేమి తినవలెనో, ఏ ప్రక్కకు పండుకొనవలెనో చెప్పువారు పలువురు కలరు గాని, "అమ్మా, నీ మనసెట్లున్నది?" అని యడుగువారు అరుదు. అడుగని ప్రశ్నకు జవాబు రాదు. జవాబు రాలేదు గనుక జబ్బు లేదని మనము నిశ్చయించుకొందుము.

ఒకవేళ నెవరో యడిగి, వైద్యుడు పరీక్షించి, ఇది డిప్రెషన్ అనెడి క్రుంగుబాటు వ్యాధియని చెప్పి మందు వ్రాసియిచ్చినను చిక్కు తీఱదు. అప్పుడే పెద్దప్రశ్న బయలుదేఱును. కడుపులో బిడ్డ పెరుగుచుండగా తల్లి తన మనస్సు కొఱకు మాత్రలు మ్రింగవచ్చునా? తన యూఱటకై బిడ్డను అపాయమున నుంచుట తల్లికి ధర్మమా? ఇది మందులకు సంబంధించిన ప్రశ్నగా కనబడును గాని, నిజమునకు బాధ్యతకు సంబంధించిన ప్రశ్న. మేము వైద్యులము కాము. ఏ మందు ఎంత మోతాదున వాడవలెనో చెప్పుటకు మాకధికారము లేదు. అయినను ఈ ప్రశ్నకు మన యిండ్లలో సాధారణముగా దొరకుచున్న సమాధానము తప్పుత్రాసుతో తూచినదని మా నమ్మకము. ఆ త్రాసును సరిచూచుటకే యీ వ్యాసము.

ఈ ప్రశ్న పుస్తకములలో పుట్టునది కాదు, ఇండ్లలో పుట్టునది. కావున నందికొట్కూరు ప్రాంతమున నొక యింటిని చదువరులు తమ మనస్సున నిలుపుకొందురు గాక. ఇది ఫలానివారి యిల్లని మేము చెప్పుట లేదు, ఊహించి చెప్పుచున్నాము. కాని యీ యూహకు సరిపోవు నిల్లు తమ వీధిలోనే యున్నదని పలువురు చదువరులు గుర్తింపగలరు. నందికొట్కూరు నల్లమల యడవులకు దాపున, కృష్ణాతీరమునకు సమీపమున నున్న పట్టణము. దాని సమీపమున మల్యాలవద్ద కృష్ణనీటిని పైకెత్తి హంద్రీ-నీవా కాలువద్వారా కఱవుసీమకు పంపుచున్నారు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో నంద్యాలజిల్లా యేర్పడువఱకు ఈ పట్టణము కర్నూలుజిల్లాలోనిది. నేటికిని పెద్దజబ్బు చేసినచో జనులు సుమారు 30 కిలోమీటర్ల దూరమునున్న కర్నూలునకే పోవుచుందురు.

ఆ యింటి కోడలికి పెండ్లికి ముందే యొకమాఱు క్రుంగుబాటు వచ్చినది. నెలలతరబడి నిద్రలేదు, అన్నము సహింపలేదు, ఎవరితోడను మాటలేదు. కర్నూలులో నొక వైద్యుడు మందిచ్చెను. ఆమె కోలుకొని, చదువు ముగించి, పెండ్లియాడి, మాత్ర మానక వేసికొనుచు కాపురము చేసికొనుచున్నది. ఇప్పుడు నెల తప్పినది. ఇల్లంతయు సంతోషము. ఒకనాడు అత్తగారు బీరువా సర్దుచు మాత్రల అట్టను చూచెను.

"ఏమి మాత్రలమ్మా యివి?"

"మనసుకు వేసుకొనేవి, అత్తా. పెండ్లికి ముందునుంచీ వేసుకుంటున్నాను."

"కడుపుతో ఉండి ఈ మందులు మింగుతారా? రేపు బిడ్డకేమన్నా అయితే ఎవరు జవాబు?"

కోడలు మాఱుమాట పలుకలేదు. ఆ రాత్రినుండియే మాత్ర మానివేసినది, వైద్యునితో చెప్పలేదు. అయిదవనెల వచ్చుసరికి పాతజబ్బు మరల తలచూపినది. తెల్లవాఱుజాము మూడుగంటలకే మెలకువ. ముద్ద గొంతు దిగదు. తాను లేకున్న ఈ యిల్లు బాగుండునని యొక తలపు. ఏడవనెలలో ఆచారము ప్రకారము పుట్టినింటికి పంపిరి. "అత్తగారింట నెవరైనా ఏమైనా అన్నారా తల్లీ?" యని కన్నతల్లి యడిగినది. ఎవరును ఏమియు ననలేదు, అదియు నిజమే. ఈ కథలో దుర్మార్గులొక్కరును లేరు. అత్తగారు మనుమనియందలి ప్రేమచేత నడిగినది. కోడలు బిడ్డయందలి ప్రేమచేత మానినది. అయినను ఒక ప్రాణము, కాదు రెండు ప్రాణములు, అంచున నిలిచియున్నవి.

అత్తగారి ప్రశ్ననే మేము విచారింపదలచితిమి. "బిడ్డకేమన్నా అయితే ఎవరు జవాబు?" ఇది మంచిప్రశ్నయే, కాని సగము ప్రశ్న. మందు వేసికొన్నందున కీడు కలిగినచో జవాబు చెప్పవలసినవారు కనబడుచున్నారు: వ్రాసిచ్చిన వైద్యుడు, మ్రింగిన తల్లి. మందు మానినందున కీడు కలిగినచో జవాబు చెప్పవలసినవారెవరు? అక్కడ నెవరును కనబడరు. అది దైవఘటనయని, తలవ్రాతయని, ఆమె మనసు బలహీనమని యందుము. చేసిన పనికి మాత్రమే పాపపుణ్యములు కలవనియు, చేయక విడిచినదానికి లేవనియు మనలో నొక గాఢమైన భ్రాంతి కలదు. బావియొద్ద నాడుకొను బిడ్డను త్రోసినవాడు హంతకుడు. పడబోవుచుండగా చూచి చేయి చాపనివాడు నిర్దోషియా? మందు మానుట ఊరకుండుట కాదు. అదియు నొక కార్యమే; దానికిని ఫలములు కలవు; దానికిని ఒకరు జవాబు చెప్పవలసియున్నది. ఈ రెండుప్రక్కలను ఒకే త్రాసున పెట్టకుండ చేసిన నిర్ణయము న్యాయమైన నిర్ణయము కానేరదు.

మందునుగుఱించిన భయము ఊరక పుట్టలేదని మొదట నొప్పుకొనవలెను. 1957వ సంవత్సరమున పశ్చిమజర్మనీలో థాలిడోమైడ్ అను మందును అంగళ్లలో పెట్టిరి. గర్భిణులు వేవిళ్ల బాధ తగ్గుటకై దానిని వాడిరి. 1961 తుదిని దానిని వెనుకకు తీసికొనువేళకు, పెక్కుదేశములలో పదివేలకు పైగా శిశువులు కాలుసేతులు సరిగ నేర్పడక జన్మించిరి. అమెరికాలో ఔషధములను పరీక్షించు శాఖలోని ఫ్రాన్సెస్ కెల్సీ యను వైద్యురాలు తగిన నిదర్శనములు లేవని అనుమతి నీయక నిలిపినందున ఆ దేశము చాలవఱకు తప్పించుకొన్నది. ఈ ఘోరమునుండి లోకము నేర్చుకొన్న పాఠమేమి? పరీక్షింపని మందును గర్భిణి కీయరాదనియు, ఇచ్చిన మందుయొక్క ఫలములను లెక్కపెట్టవలెననియు. జబ్బుతోనున్న గర్భిణికి మందే యీయక విడువవలెననునది ఆ పాఠము కాదు. కెల్సీ చేసినది భయపడుట కాదు, లెక్క యడుగుట.

అట్లయిన క్రుంగుబాటు మందులవిషయమున లెక్క యేమి చెప్పుచున్నది? ఈ మందులు యాదృచ్ఛికముగా కనబడినవి. 1952 ప్రాంతమున క్షయరోగులకిచ్చిన ఐప్రోనియజిడ్ అను మందు వారి మనస్సునకు గూడ ఉల్లాసము కలిగించుట వైద్యులు గమనించిరి. 1957లో ఇమిప్రమీన్ గుణము స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ వెల్లడించెను. 1987లో అమెరికాలో ఫ్లూఆక్సిటీన్‌కు అనుమతి లభించిన పిమ్మట ఆ జాతి మందులే లోకమంతట వ్యాపించినవి. సెర్ట్రలీన్ మొదలగునవి ఆ కోవలోనివే. వీనిని మనవారు "పిచ్చిమందులు" అనియు "నిద్రమాత్రలు" అనియు పిలుచుట పొరపాటు. ఇవి మత్తు కలిగించుటకై యిచ్చునవి కావు. ఇవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. ఒక్కసారిగా మానినచో తలతిప్పుట, నిద్రలేమి, చిరాకు మొదలగు బాధలు కలుగవచ్చును.

గర్భిణులవిషయమున మొదట వచ్చిన వార్తలు భయంకరముగానే యుండెను. 2005లో పరాక్సిటీన్ అను నొక మందు శిశువు గుండెకు లోపము కలిగింపవచ్చునని అమెరికా ప్రభుత్వము హెచ్చరించెను. నేటికిని క్రొత్తగా మొదలుపెట్టునపుడు వైద్యులు సాధారణముగా దానికి బదులు వేఱొకదానిని ఎన్నుకొనుచున్నారు. అటుపిమ్మట పెద్దలెక్కలు వచ్చినవి. 2014లో ప్రకటితమైన యొక పరిశీలనలో అమెరికాలోని 9,49,504 గర్భముల వివరములు చూచిరి. మందు వాడిన తల్లులకును వాడని తల్లులకును గల ఇతర భేదములను, ముఖ్యముగా వ్యాధియొక్క తీవ్రతను, లెక్కలోనికి తీసికొన్నచో మొదటి మూడునెలలలో ఈ మందులవలన గుండెలోపములు చెప్పుకొనదగినంత పెరిగినట్లు కనబడలేదు. ఏ మందును వాడని తల్లులకు గూడ నూటికి ఇద్దఱు ముగ్గురు శిశువులు ఏదో యొక పుట్టులోపముతో జన్మింతురనునది మఱవరాదు. కీడు కలిగినప్పుడెల్ల మందునే దోషిగా నిలుపుట సులభము. ఆ దోషము మందుదో కాదో తేల్చుట లెక్కవలననే సాధ్యము.

అయినను మందుకు అపాయమే లేదని చెప్పుట అసత్యము. గర్భముయొక్క తుదినెలలలో ఈ మందు వాడినచో శిశువు ఊపిరితిత్తుల రక్తనాళములలో ఒత్తిడి పెరుగు నొక యరుదైన వ్యాధి కొంచెము హెచ్చగును. 2015లో సుమారు 38 లక్షల గర్భములను చూచిన లెక్కప్రకారము, మందు వాడనివారిలో పదివేలకు 21 మందికి, ఫ్లూఆక్సిటీన్ జాతి మందులు వాడినవారిలో పదివేలకు 31 లేక 32 మందికి ఆ వ్యాధి కలిగినది. ఇతర కారణములను తీసివేసినచో ఆ భేదము ఇంకను తగ్గినది. మఱియు, గర్భమున నీ మందునకు అలవడిన శిశువులలో పదింట సుమారు మూడుపాళ్లవారికి పుట్టిన కొలదిదినములు వణకు, ఏడుపు, పాలు సరిగ త్రాగకుండుట కనబడును. అది సాధారణముగా రెండువారములలోపల తనంతటనే శమించును. 2015లో ఈ మందువలన ఆటిజము కలుగునేమోయని యొక పరిశీలన భయపెట్టెను. 2017లో ఒకే తల్లికి పుట్టిన బిడ్డలను పోల్చిచూచిన పరిశీలనలలో ఆ భయమునకు ఆధారము నిలువలేదు. ఇవి మందువైపు తట్టలోని బరువులు. వీనిని దాచరాదు, పెంచనురాదు.

ఇక రెండవ తట్ట. వైద్యము లేని క్రుంగుబాటు గర్భిణికి మాత్రమే సంబంధించినదికాదు. అన్నము తినని తల్లి బిడ్డను మాడ్చుచున్నది. తాను కోరి కాదు, వ్యాధిచేత. నెలనెల పరీక్షకు పోవు నోపిక లేనిది. ఇనుపమాత్రలు వేసికొను తలపు లేనిది. క్రుంగుబాటుగల తల్లులకు నెలలు నిండకముందే కాన్పగుట, శిశువు బరువు తక్కువగుట హెచ్చని పెక్కు పరిశీలనలు చెప్పుచున్నవి. కాన్పు తరువాత ఆ వ్యాధి ముదిరి, బాలింత బిడ్డవంక చూడజాలని స్థితి కలుగును. అన్నిటికంటె ఘోరమైనది ఆత్మహత్య. అది తల్లిని, కడుపులోని బిడ్డను ఒక్కసారిగా తీసికొనిపోవును. ఆ దినమున నింటిలో నెవరును "మందు మానిపించినవారెవరు?" అని యడుగరు.

మానినచో నేమగునో లెక్కచూచినవారును కలరు. 2006లో ప్రకటితమైన యొక పరిశీలనలో, మునుపు తీవ్రమైన క్రుంగుబాటు కలిగి గర్భమునాటికి కోలుకొనియున్న 201 మంది స్త్రీలను వెంబడించి చూచిరి. మందు మానినవారిలో నూటికి 68 మందికి గర్భకాలముననే వ్యాధి మరల వచ్చినది. మానకుండ వాడినవారిలో నూటికి 26 మందికి వచ్చినది. వారు మనోవ్యాధి నిపుణులయొద్దకు వచ్చినవారు. సాధారణ ప్రసూతివైద్యులయొద్దకు వచ్చినవారిని చూచిన 2011నాటి పరిశీలనలో అంతటి భేదము కనబడలేదు. పలుమాఱులు వ్యాధి వచ్చినవారికే అపాయమెక్కువగా కనబడెను. అనగా అందఱికి నొకేమాట చెల్లదు. ఒకమాఱు తేలికగా వచ్చిపోయినదానికిని, నాలుగుమాఱులు మంచమెక్కించినదానికిని భేదము కలదు. ఈ భేదమును తెలిసికొనగలవారు ఆ స్త్రీయు, ఆమెను చూచిన వైద్యుడును. బీరువాలో అట్టను చూచినవారు కారు. అమెరికాలోని ప్రసూతివైద్యుల సంఘము 2023లో ఇచ్చిన మార్గదర్శకమున, గర్భిణియను నొక్క కారణముచేతనే మనోవ్యాధి మందును నిరాకరించుటగాని మానిపించుటగాని తగదని చెప్పియున్నది.

మన ప్రాచీనవైద్యులు గర్భిణిచికిత్సను విడువలేదు. అంచుదాక నూనె నిండిన గిన్నెను తొణకకుండ మోయువానివలె గర్భిణిని కాపాడవలెనని చరకసంహితయందు చెప్పబడినది. నాలుగవనెలలో గర్భిణి రెండుహృదయములు గలదియగుననియు, ఆమె మనసులోని కోరిక నణచినచో గర్భమునకు కీడు కలుగుననియు సుశ్రుతుడు చెప్పెను. ఆ శాస్త్రవాక్యములను నేటి పరిశీలనలతో సమానముగా నిలుపుట మా యుద్దేశము కాదు. కాని తల్లిమనస్సు వేఱు, బిడ్డ మేలు వేఱు అను తలపు మన పూర్వులది కాదని మాత్రము వీనివలన తెలియుచున్నది. నిండుగిన్నె మోయువాడు కదలరాదని యొకచోటనే నిలిచిపోడు. చేరవలసినచోటికి మెల్లగా నడచును. ఆ చేతులే వణకుచున్నచో మొదట ఆ వణకును మాన్పవలెను.

ఇచట నొక గట్టి యాక్షేపణ కలదు. అది తల్లి త్యాగమును గుఱించినది. "తల్లియనగా సహించునది, తొమ్మిదినెలలు ఓర్చుకొనలేదా?" యని పెద్దలందురు. త్యాగము గొప్పదే. కాని త్యాగమనిపించుకొనుటకు రెండు లక్షణములు కావలెను. అది తాను మనఃపూర్వకముగా చేయవలెను; దానివలన నింకొకరికి మేలు కలుగవలెను. ఇరుగుపొరుగు భయమునకై మాత్ర మానినచో మొదటి లక్షణము లేదు. బిడ్డకు సైతము కీడు కలిగినచో రెండవదియు లేదు. అది త్యాగము కాదు, వట్టి బాధ. మధుమేహముగల గర్భిణిని ఇన్సులిన్ మానుమని యెవరనుచున్నారు? థైరాయిడ్ మాత్ర వేసికొనుచున్న కోడలిని చూచి ఎవరు బెదరుచున్నారు? ఆశాకార్యకర్త యింటికి తెచ్చియిచ్చిన ఇనుపమాత్రలను అత్తగారే దగ్గఱనుండి మ్రింగించును. మనస్సునకు వచ్చిన జబ్బునకు మాత్రమే ఓర్పు మందని చెప్పుట, అది జబ్బు కాదు, గుణదోషమని లోలోపల నమ్ముటవలన కలిగినది. ఆ నమ్మకమే ఇచట విచారింపవలసినది.

రెండవ యాక్షేపణ సంస్కర్తలనుండి వచ్చును. అది యింకను బలమైనది. "కట్నపు వేధింపు, మగడి త్రాగుడు, ఆడపిల్ల పుట్టునేమోయను భయము, ఒంటరితనము — ఇవి కదా స్త్రీ మనస్సును క్రుంగదీయునవి? వీనిని మాన్పక మాత్ర మ్రింగించుట ఆమె నోరు మూయించుట కాదా?" ఈ మాటలో సత్యము కలదు. గోవాలో జరిగి 2002లో ప్రకటితమైన పరిశీలనలో బాలింతలలో నూటికి 23 మంది క్రుంగుబాటుతో నుండిరి. పేదఱికము, భర్త చేయు హింస, కొడుకును కోరియుండగా కూతురు పుట్టుట అందుకు తోడ్పడిన కారణములుగా తేలినవి. మాత్ర ఆ కారణముల నొక్కదానినైనను తొలగింపదు. కాని, చెఱువునీరు కలుషితమై ఊరిలో వాంతులు విరేచనములు వ్యాపించినపుడు, చెఱువును బాగుచేయువఱకు రోగికి సెలైనెక్కించవలదని యెవరైన నందురా? చెఱువును బాగుచేయుట ఊరి ధర్మము. రోగిని బ్రతికించుట ఆ పూట ధర్మము. ఒకటి రెండవదానికి సాకు కారాదు. మాత్ర యిచ్చి హింసను మఱచువాడెంత తప్పుచేయుచున్నాడో, హింసను చూపి మాత్రను లాగికొనువాడును అంతే తప్పు చేయుచున్నాడు.

అంతేకాదు, మాత్రయే యందఱికి మందనియు మేము చెప్పుట లేదు. గర్భిణి కంటతడిపెట్టిన ప్రతిసారి వైద్యునియొద్దకు పరుగెత్తవలసిన పనిలేదు. విచారము వేఱు, వ్యాధి వేఱు. తేలికయైన క్రుంగుబాటునకు మాటలచికిత్సయే మొదటి మందు. పాకిస్తానములోని రావల్పిండి పల్లెలలో సామాన్య ఆరోగ్యకార్యకర్తలకు శిక్షణయిచ్చి, క్రుంగుబాటుగల గర్భిణుల యిండ్లకు పంపి, వారితో క్రమముగా మాటలాడించిరి. 2008లో ప్రకటితమైన ఫలములప్రకారము, కాన్పైన ఆఱునెలలకు ఆ సాయము పొందిన తల్లులలో నూటికి 23 మందికి, పొందనివారిలో నూటికి 53 మందికి వ్యాధి నిలిచియుండెను. ఆ కార్యకర్తలు మన ఆశాకార్యకర్తలవంటివారే. వారు చేసినది మనవారు చేయలేనిది కాదు.

మందులలోను తారతమ్యము తెలియవలెను. వాల్‌ప్రోయేట్ అను మందు మూర్ఛకును మనోవ్యాధులకును వాడుదురు. అది క్రుంగుబాటు మందుల జాతిలోనిది కాదు, గర్భస్థశిశువునకు నిజముగా హాని చేయునది. సంతానము కోరు స్త్రీ దానినిగుఱించి ముందుగానే వైద్యుని నడుగవలెను. ఇక నిద్రపట్టుట లేదని మందులఅంగడిలో నడిగి తెచ్చుకొను ఆల్‌ప్రజోలామ్ వంటివి చీటిలేకుండ వాడదగినవి కావు. పల్లెలలోని ఆర్.ఎం.పి. వైద్యుని మాటపై మొదలుపెట్టుటయు, అత్తగారి మాటపై మానుటయు రెండును సమానమైన తప్పులే. మార్చవలెనన్నను, తగ్గించవలెనన్నను, అది వైద్యునితో చెప్పి మెల్లమెల్లగా చేయవలసినపని. సాధ్యమైనచో గర్భమునకు ముందే ఈ యాలోచన చేసికొనుట అన్నిటికంటె మేలు.

మఱి నిర్ణయించుట కధికారమెవరిది? 2017నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము దీనికి స్పష్టముగా జవాబు చెప్పుచున్నది. చెప్పిన సంగతిని గ్రహించి, దాని ఫలమును తెలిసికొని, తన మాటను తెలుపగలిగిన వ్యక్తికి తన చికిత్సవిషయమున నిర్ణయించుకొను హక్కు కలదు. ఆ నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినంతమాత్రమున ఆ వ్యక్తికి శక్తిలేదని చెప్పరాదు. మానసిక వైద్యశాలలో చేరిన తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా వేఱుచేయరాదని గూడ ఆ చట్టమే చెప్పుచున్నది. భర్తగాని, అత్తగాని, కన్నతల్లిగాని ఆమె నోటికి మందు పెట్టజాలరు, నోటినుండి తీయజాలరు. ఆమె మందు వేసికొన నిశ్చయించినను గౌరవింపవలెను. అన్నియు విని మానదలచినను, వైద్యునితో చెప్పి మెల్లగా మానుటకు తోడ్పడవలెను. మేము మందుపక్షము వహించుట లేదు. నిర్ణయము ఆమెదను పక్షము వహించుచున్నాము.

సాయము దొరకుచోటులు మునుపటికంటె నేడెక్కువ. మానసికవైద్యమును జిల్లాలోని చిన్న ఆసుపత్రులకు తెచ్చుటకు మొదటి ప్రయత్నము 1980ల దశాబ్దమున బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ బళ్లారిజిల్లాలో చేసెను. ఆ బళ్లారి 1953 వఱకు కర్నూలు, అనంతపురము, కడపలతోపాటు మన దత్తమండలములలోనిదే. ఆ నమూనాపై 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున మొదలైనది. తల్లిని బిడ్డను కలిపియుంచి చికిత్స చేయు విభాగము నిమ్హాన్స్‌లో 2009నుండి కలదు. కర్నూలులో 1957నుండి వైద్యకళాశాల యున్నది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్‌కు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. చచ్చిపోవలెనను తలపు వచ్చిన తల్లికిని, ఆ తలపు తమకు చెప్పబడినవారికిని ఆ సంఖ్య తెలిసియుండవలెను.

ఇంటిలో చేయవలసినవి చిన్నపనులే. నెల తప్పిన కోడలిని "ఏమి తిన్నావు?" అని యడిగినట్లే "మనసెట్లున్నది?" అనియు నడుగవలెను. క్రుంగుబాటును కనిపెట్టుటకు 1987లో ఎడింబరోలో పదిప్రశ్నల పట్టికయొకటి తయారైనది. పదినిమిషములైనను పట్టని పని. ఏడవనెలలో పుట్టినింటికి పంపునపుడు పసుపుకుంకుమలతో, చీరెసారెలతో పాటు ఆమె వాడుచున్న మందు పేరు, వైద్యుని చీటియు మాతాశిశు సంరక్షణకార్డులో పెట్టి పంపవలెను. రెండిండ్ల నడుమ, ఇద్దఱు వైద్యుల నడుమ ఆమె చికిత్స జాఱిపోకుండుటకు అదియే దారి. వైద్యునియొద్దకు భర్త తోడుపోయి, అపాయములను రెండింటిని తన చెవులతో వినవలెను. కాన్పైన పిమ్మట రాత్రులందు బిడ్డ నెత్తుకొనుటకు ఇంకొకరు మేల్కొని, బాలింతకు నిద్ర కల్పింపవలెను. వీనికి ధనముతో పనిలేదు.

తుదకు అత్తగారి ప్రశ్నకే మరల వత్తము. "బిడ్డకేమన్నా అయితే ఎవరు జవాబు?" మందు వేసికొన్నను కీడు కలుగవచ్చును, మానినను కలుగవచ్చును, రెండునుగాక దైవికముగాను కలుగవచ్చును. నిశ్చయముగా మంచి యని చేతికిచ్చు దారి యిందులో లేదు. ఇట్టిచోట, తెలిసికొనదగినదంతయు తెలిసికొని, రెండు తట్టలను చూచి చేసిన నిర్ణయమునకు ఫలమేదైనను అది దోషము కాదు. ఆ తల్లిని ఒంటరిగా నిలిపి, ఏది చేసినను తప్పు నీదేయని ముందుగానే తీర్పు చెప్పియుంచుటయే దోషము. ఆ యత్తగారు "ఎవరు జవాబు?" అనుటకు మాఱు, "పద తల్లీ, ఇద్దఱము పోయి డాక్టరు నడుగుదాము, ఏమైనా జవాబు మనమందఱము" అనియుండినచో కోడలు ఆ రాత్రి మాత్రను చాటుగా పాఱవేసియుండదు. ఆ యొక్కమాట మన యిండ్లలో పుట్టవలెనని మా కోరిక.